ఉలవల కంటే ముందు మందలు: దక్కనులో సేద్యం ఎలా మొదలైంది?

యాంకర్: నమస్కారం. వేటాడి, ఏరుకుని తినే మనిషి రైతుగా ఎలా మారాడో చెప్పమంటే ఇరాక్, ఈజిప్టుల గురించి చెప్తాం. మన దగ్గర ఏం జరిగిందన్నదే ఈ రోజు చర్చ. మేడమ్, మీతోనే మొదలుపెడదాం.

పురావస్తు పరిశోధకురాలు: మన దగ్గర పొలం కంటే ముందు దొడ్డి కనిపిస్తుందండి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు ఉంది, ఆదిలాబాద్ ఉట్నూరు కాదు. అక్కడి బూడిద దిబ్బను 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వారు. అదంతా పేడ కాలిన బూడిదే, పొరలు పొరలుగా ఉంది. ఆ పొరల్లో పశువుల గిట్టల అచ్చులు అలాగే నిలిచిపోయాయి. కంచెకు మొద్దులు పాతిన గుంతలూ బయటపడ్డాయి. నాలుగున్నర వేల ఏళ్లకు పైమాటే.

యాంకర్: అంత పేడ ఎందుకు కాల్చినట్టు?

పరిశోధకురాలు: దాని మీద వాదన తెగలేదు. నిప్పు దానంతటదే అంటుకుందని కొందరంటారు. కావాలనే, ఒక వేడుకలా కాల్చారని నా నమ్మకం. బళ్లారి దగ్గరి కుడతిని దిబ్బలో బూడిద కరిగి గట్టి చిట్టెంలా మారింది. అంత వేడి, అదీ పదేపదే, పొరపాటున పుట్టదు.

వృక్షశాస్త్ర అధ్యాపకుడు: మందలున్నా వేట మానలేదు, జింక ఎముకలూ దొరుకుతున్నాయి. ఇక పంటల సంగతికొస్తే, బళ్లారి దగ్గర సంగనకల్లు చూడండి. తవ్విన మట్టిని నీళ్లలో కలిపితే మాడిన గింజలు పైకి తేలతాయి. అలా ఉలవలు, పెసలు, అండు కొర్రలు అనే చిరుధాన్యం దొరికాయి. వానాకాలానికి సరిపోయే పంటలివి. గోధుమ, బార్లీ తర్వాత వచ్చాయి, అవీ కొద్దిగానే.

యాంకర్: అడవి ఉలవ పొలం ఉలవ ఎలా అయింది సార్?

అధ్యాపకుడు: ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. అడవి ఉలవకు పొట్టు మందం. నీళ్లు త్వరగా లోపలికి పోవు, గింజలన్నీ ఒకేసారి మొలవవు. ఒక వాన మోసం చేసినా కొన్ని మిగలాలి కదా! మనిషి విత్తడం మొదలుపెట్టాక, వెంటనే మొలిచిన వాటినే కోసి, మళ్లీ వాటినే చల్లాడు. పాత ఉలవ గింజలను పగలగొట్టకుండా ఎక్స్‌రే కిరణాలతో చూసిన పరిశోధన 2017లో వచ్చింది. పొట్టు పలచబడటం అందులో స్పష్టంగా కనిపించింది.

రైతు: ఇప్పటికీ అంతేనండి. వేరే పంట పోయిన చేలో ఆఖరి వానలకు ఉలవలు చల్లుతాం. కాస్త పదునుంటే చాలు, మొలక వచ్చేస్తుంది. కానీ మేడమ్, బూడిద దిబ్బల మట్టి చేలకు బలమని మా పెద్దలు బండ్లకెత్తి తోలేవారు. తప్పంటారా?

పరిశోధకురాలు: వాళ్లను తప్పుపట్టను పెద్దాయనా, వాళ్లకెవరూ చెప్పలేదు. నా బాధల్లా ఇప్పటి గురించే. ఎరువుకూ రోడ్లకూ చాలా దిబ్బలు పోయాయి. పోయిన దిబ్బతో పాటు పక్కనున్న ఆనాటి ఇళ్ల జాగా కూడా చదునైపోతుంది. గింజలు దొరికేది ఎక్కువగా ఆ ఇళ్ల మట్టిలోనే. మీ ఊళ్లో దిబ్బ ఉంటే జేసీబీ రాకముందే పురావస్తు శాఖకు కబురు చేయండి.

రైతు: మా పక్క ఊరి చెరువు గట్టు దగ్గర ఒకటుంది మేడమ్. సగం తవ్వేశారు, సగం ఉంది.

పరిశోధకురాలు: ఆ సగం చాలు. వచ్చే వారం నేనే వస్తాను.