ఎక్సోజోమ్ థెరపీ చేయించుకునే ముందు

[తెరపై: స్కిన్ క్లినిక్ రిసెప్షన్]

జుట్టు రాలుతోందని క్లినిక్‌కి వెళ్తే ఈ మధ్య "ఎక్సోజోమ్స్ చేయించుకోండి" అంటున్నారు. మోకాళ్ల నొప్పులకూ ఇదే మాట. డబ్బు కట్టేముందు ఇదేంటో తెలుసుకుందాం.

[యానిమేషన్: కణం నుంచి బయటపడుతున్న బుడగలు]

మన కణాలు బయటికి వదిలే కొవ్వుపొర బుడగలే ఎక్సోజోమ్‌లు. సైజు సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు. కెనడాలో రోజ్ జాన్‌స్టోన్ గొర్రె రక్తకణాల మీద పనిచేస్తూ 1987లో వీటికి ఆ పేరు పెట్టారు. కణం అక్కర్లేని ప్రొటీన్లను ఇలా వదిలించుకుంటుందని అప్పట్లో అనుకున్నారు. 2007లో స్వీడన్ పరిశోధకులు వీటిలో ఆర్‌ఎన్‌ఏ (కణానికి ఏం చేయాలో చెప్పే సందేశం లాంటి అణువు) కూడా ఉందని, అది ఇంకో కణంలోకి చేరి పనిచేస్తుందని చూపించారు. అంటే ఒక కణం ఇంకో కణానికి పంపే కొరియర్ పార్సిల్ లాంటివి ఇవి.

[తెరపై: ల్యాబ్‌లో గులాబీ రంగు ద్రవం]

ఇక మూలకణాల (స్టెమ్ సెల్స్, అంటే వేరే రకం కణాలుగా మారగలిగే కణాలు) సంగతి. గుండెపోటు తెప్పించిన జంతువులకు మూలకణాలు ఎక్కిస్తే గుండె కొంత కోలుకునేది. తీరా చూస్తే ఎక్కించిన కణాల్లో చాలావరకు కొద్దిరోజులకే మాయం! మరి మేలు చేసిందేంటి? సింగపూర్‌లో సాయ్ కియాంగ్ లిమ్ బృందం కణాలను పక్కనపెట్టి, అవి పెరిగిన ద్రవాన్ని మాత్రమే తీసుకుంది. అందులోంచి ఎక్సోజోమ్‌లను వేరుచేసి ఎలుకలకు ఇస్తే గుండె కండరానికి జరిగే నష్టం తగ్గింది. 2010 నాటి ఈ ప్రయోగం నాకు చాలా ఇష్టం. ప్రాణమున్న కణం ఎక్కించట్లేదు కాబట్టి, అది శరీరంలో పెరిగి గడ్డ కడుతుందనే టెన్షన్ ఉండదు.

అయితే ఎలుకలో పనిచేసిందంతా మనిషిలో పనిచేయాలని లేదు. కణాలను పెంచే తీరు మారితే బుడగల్లోని సరుకూ మారిపోతుంది. డోసు ఎంతన్నదీ ఇంకా తేలలేదు.

[తెరపై: వయల్ (మందు సీసా) లేబుల్ క్లోజప్]

2019 డిసెంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. నెబ్రాస్కాలో ఎక్సోజోమ్‌ల పేరుతో ఇచ్చిన ఉత్పత్తుల వల్ల కొందరు తీవ్రంగా జబ్బుపడ్డారు. ఎఫ్‌డీఏ ఆమోదించిన ఎక్సోజోమ్ మందు ఒక్కటీ లేదు.

మన దగ్గర కొన్ని కాస్మెటిక్స్‌గా వస్తున్నాయి. 1940 నాటి మన చట్టం ప్రకారం కాస్మెటిక్ అంటే ఒంటికి పూసేది, చల్లేది. సూదితో ఎక్కించేది ఆ లెక్కలోకి రాదు. అందుకే వయల్ చేతికి తీసుకుని లేబుల్ చదవండి. "పైపూతకు మాత్రమే" అని ఉన్నదాన్ని ఇంజెక్షన్‌గా వేస్తామంటే ఒప్పుకోకండి.

"ట్రయల్ అండీ" అంటే సీటీఆర్‌ఐ (మన దేశంలోని క్లినికల్ ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. ఆ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఫ్రీగా వెతుక్కోవచ్చు. మూలకణాల ట్రయల్‌లో చేరిన పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు చెబుతున్నాయి.