కిర్కెనెస్ నుంచి వాడ్సోకి: 38 కిలోమీటర్లా, 170 కిలోమీటర్లా?

[తెర మీద మ్యాప్. నార్వే ఈశాన్య మూల, రష్యా సరిహద్దు పక్కన రెండు చుక్కలు.]

కింది చుక్క కిర్కెనెస్. పై చుక్క వాడ్సో. మధ్యలో వారంగెర్ ఫియోర్డ్ అనే సముద్రపు పాయ. ఇటు నుంచి అటు విమానానికి ఎంతసేపు పడుతుందంటే ఒక లెక్క 3 నిమిషాలంటుంది, ఇంకో లెక్క 33 అంటుంది. రెండూ తప్పే.

ముందు దూరం తేలుద్దాం. దీనికి యాప్ అక్కర్లేదు, కాగితం చాలు.

[కాగితం మీద పెన్నుతో అంకెలు రాస్తూ.]

కిర్కెనెస్ ఎయిర్‌పోర్టు 69.73 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. వాడ్సోది 70.07. రేఖాంశం దాదాపు ఒకటే, అంటే ఒకదాని నెత్తిన ఇంకొకటి ఉన్నట్టు. కాబట్టి తీసివేస్తే సరిపోతుంది: 0.34. అక్షాంశం ఒక్కో డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు. హెచ్చవేస్తే 38 కిలోమీటర్లు. ఊళ్లు తూర్పు పడమరలుగా ఉండి ఉంటే ఇంత సులువయ్యేది కాదు. భూమధ్యరేఖ దగ్గర 111 కిలోమీటర్లుండే రేఖాంశపు డిగ్రీ ఇక్కడికొచ్చేసరికి 38కి కుంచించుకుపోతుంది.

ఇక టైమ్. జెట్ వేగం గంటకు 800 కిలోమీటర్లనుకుని భాగిస్తే 3 నిమిషాలు. విమానం పైకెక్కడానికీ కిందికి దిగడానికీ ఓ అరగంట కలుపుకోమనే మోటు సూత్రం వాడితే 33. అసలు ఈ దారిలో తిరిగేది జెట్ కాదు, డ్యాష్ 8 అనే 39 సీట్ల ప్రొపెల్లర్ విమానం. దానికి 800 మీటర్ల రన్‌వే ఉన్నా చాలు. టేకాఫ్ కోసం పది విమానాల వెనక క్యూలో నిలబడే పని కూడా ఇక్కడ లేదు.

[విమానం కిటికీలోంచి: నల్లటి నీళ్లు, అవతల తెల్లటి ఒడ్డు.]

టైమ్‌టేబుల్లో దీనికి వేసేది పావుగంట. అందులోనూ సగానికి సగం రన్‌వే మీద నడవడానికీ, గాలివాటం చూసుకుని తిరిగి దిగడానికీ పోతుంది. బాగా పైకి ఎక్కకుండానే దిగడం మొదలుపెడుతుంది.

మరి ఇంత చిన్న దూరానికి విమానమెందుకు? కారులో వెళ్లి చూడండి, తెలుస్తుంది.

[మ్యాప్ మీద ఎర్ర గీత పడమరకి సాగి, మళ్లీ తూర్పుకి తిరుగుతుంది.]

ఫియోర్డ్ మీద వంతెన లేదు. ఈ6 రోడ్డు పట్టుకుని పడమరగా పాయ మొదలు దాకా, వారంగెర్‌బోట్న్ వరకూ వెళ్లాలి. అక్కడ ఈ75 మీదికి తిరిగి అవతలి ఒడ్డు వెంట వెనక్కి రావాలి. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు, 38 కాస్తా సుమారు 170 కిలోమీటర్లవుతుంది. రోడ్డు బాగుంటే రెండున్నర గంటలు. ఈ ఊళ్లుండే ఫిన్‌మార్క్ కౌంటీలో చలికాలపు తుఫాను పట్టుకుందంటే మంచు తోసే బండి వెనకాల కార్లన్నీ వరసకట్టి వెళ్లాల్సిన రోజులూ ఉంటాయి. కౌంటీ పాలనేమో వాడ్సోలో, ఈ ప్రాంతపు పెద్దాసుపత్రేమో కిర్కెనెస్‌లో. రాకపోకలు తప్పవు.

వాడ్సోకి విమానాలు కొత్తేం కాదు లెండి. 1926లో నార్వే అన్వేషకుడు అముండ్సెన్, ఇటలీ ఇంజనీరు నోబిలే ఉత్తర ధ్రువం మీదుగా నడిపిన నార్గె ఎయిర్‌షిప్, అంటే గ్యాసు నింపిన పెద్ద బెలూను లాంటి వాహనం, ఈ ఊళ్లోనే ఆగి వెళ్లింది. దాన్ని కట్టేసిన ఇనుప స్తంభం ఇప్పటికీ ఉంది.

[తీరం వెంట వెళ్లే ఓడ, వాడ్సో రేవు.]

ఓడ కూడా ఉంది, కానీ ఒక తిరకాసు. తీరం వెంట తిరిగే హుర్తిగ్రూటెన్ ఓడ పొద్దున వాడ్సోలో ఆగి, రెండు గంటల లోపే కిర్కెనెస్ చేరుతుంది. తిరుగు ప్రయాణంలో మాత్రం వాడ్సోని వదిలేసి నేరుగా తీరం మీద ఇంకో ఊరైన వార్డోకి పోతుంది. అంటే ఓడలో కిర్కెనెస్ రావచ్చు. వాడ్సో వెళ్లాలంటే మాత్రం పావుగంట విమానమో, 170 కిలోమీటర్ల రోడ్డో.