చాక్లెట్ ఊరి హాకీ జట్టు: హర్షీ బేర్స్ చరిత్ర

సభాధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

అమెరికా తూర్పు తీరంలో స్థిరపడిన మనవాళ్లు, స్వదేశం నుంచి వచ్చిన తల్లిదండ్రులకు నయాగరా, వాషింగ్టన్ చూపించే ప్రయాణంలోనే పెన్సిల్వేనియా రాష్ట్రంలోని హర్షీ అనే ఊరిని కూడా చూపిస్తుంటారు. చాక్లెట్ తయారయ్యే తీరు చూపించే బండిలో ఒక చుట్టు తిరిగి, చేతిలో పెట్టిన చిన్న చాక్లెట్టు తిని, సంచి నిండా మరికొన్ని కొనుక్కుని వెళ్లిపోతారు. ఆ భవనానికి కూతవేటు దూరంలో, 1938 నుంచి ఒకే లీగ్‌లో ఒక్క ఏడాది కూడా మానకుండా ఆడుతున్న ఐస్ హాకీ జట్టు ఉన్నదన్న సంగతి వారిలో చాలామంది దృష్టికి రాదు. హర్షీ బేర్స్ అనే ఆ జట్టు గురించే ఈ సాయంత్రం మీతో మాట్లాడబోతున్నాను.

ఆటతో పరిచయం లేనివారి కోసం ఒక మాట. ఉత్తర అమెరికా ఐస్ హాకీలో అన్నిటికన్నా పైన ఉన్నది నేషనల్ హాకీ లీగ్; దాని కింది మెట్టు అమెరికన్ హాకీ లీగ్. కింది లీగ్‌లోని ప్రతి జట్టుకూ పై లీగ్‌లోని ఒక జట్టుతో ఒప్పందం ఉంటుంది. పై జట్టు తన కుర్రవాళ్లను రాటుదేలడానికి కిందికి పంపుతుంది, అవసరం పడ్డప్పుడు వెనక్కి పిలిపించుకుంటుంది. అందువల్ల ఇలాంటి కింది మెట్టు లీగ్, అంటే మైనర్ లీగ్ అభిమానిది వింత పరిస్థితి: తాను మెచ్చిన ఆటగాడు ఎంత బాగా ఆడితే అంత త్వరగా ఊరు విడిచి వెళ్తాడు. ఆటగాళ్ల మాట అటుంచితే జట్లకే నిలకడ తక్కువ. ఈ లీగ్ చరిత్ర తిరగేస్తే ఊళ్లు మారినవి, పేర్లు మార్చుకున్నవి, మూతపడ్డవి కోకొల్లలు. ఇప్పటికీ సుమారు 14,000 మంది మాత్రమే ఉన్న హర్షీలో జట్టు ఇన్నాళ్లు ఎలా నిలిచింది? ఊరు చిన్నది కావడం, యజమాని మామూలు యజమాని కాకపోవడం అన్న రెండు కారణాలే నాకు కనిపిస్తున్నాయి.

యజమానితో మొదలుపెడతాను. 1857లో పుట్టిన మిల్టన్ హర్షీ, కారమెల్ మిఠాయిల వ్యాపారాన్ని 1900లో పది లక్షల డాలర్లకు అమ్మి, తన పుట్టిన ప్రాంతంలోని పాడి పొలాల మధ్య చాక్లెట్ కర్మాగారం కట్టాడు. టాటాలు జంషెడ్‌పూర్‌ను నిర్మించినట్టే ఆయన కర్మాగారం చుట్టూ ఇళ్లు, పార్కు, ట్రాము, బ్యాంకు అన్నీ తానే ఏర్పాటు చేశాడు. సంతానం లేని ఆ దంపతులు 1909లో అనాథ బాలుర కోసం పాఠశాల పెట్టారు. భార్య మరణించిన మూడేళ్లకు, 1918లో, అప్పటి విలువలో సుమారు 6 కోట్ల డాలర్ల వాటాలను ఆయన ఆ పాఠశాల ట్రస్టుకు రాసిచ్చేశాడు. హాకీ జట్టును నడుపుతున్న వినోద సంస్థ నేటికీ ఆ ట్రస్టు సొత్తే. వృత్తి క్రీడలో ఒక జట్టు యాజమాన్యం, మెట్టు మెట్టుగా పైకి వెళ్తే, పేద పిల్లల బడి దగ్గర తేలడం అరుదైన సంగతి.

హర్షీకి హాకీ 1931లో, ఐస్ ప్యాలెస్ అనే చిన్న రింక్‌తో, అంటే మంచు పరిచిన ఆటస్థలంతో పాటు వచ్చింది. పోటీలకు వచ్చిన జనాన్ని చూసి, వినోద విభాగం బాధ్యుడు జాన్ సోలెన్‌బర్గర్, కెనడా నుంచి వచ్చిన లాయిడ్ బ్లింకో కలిసి 1932లో సొంత జట్టును నిలబెట్టారు. జట్టుకు తొలినాళ్లలో చాక్లెట్ బార్లను గుర్తు చేసే పేరుండేది. అది ఆటా, సరుకు ప్రకటనా అని న్యూయార్క్ పత్రికల క్రీడా రచయితలు ఈసడించుకోవడంతో 1936లో ఎలుగుబంట్లన్న అర్థంలో ‘బేర్స్’గా మార్చారు.

అదే ఏడాది డిసెంబరులో కొత్త ఎరీనా తెరుచుకుంది. దేశమంతా ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయిన రోజుల్లో మిల్టన్ హర్షీ హోటలు, నాటకశాల, సమావేశ మందిరం ఒకదాని వెంట ఒకటి కట్టిస్తూ స్థానికులకు పని కల్పించాడు. ఆ వరుసలో సాహసోపేతమైనది ఈ ఎరీనా. ఇంజనీరు ఆంటన్ టెడెస్కో, జర్మనీలో రూపొందిన పద్ధతిని తెచ్చి, పలుచటి కాంక్రీటు పెంకుతో కమాను పైకప్పు పోయించాడు. మధ్యలో ఒక్క స్తంభం లేదు. అమెరికాలో అంత పెద్ద పెంకు కప్పు అదే మొదటిది. అందులో ఏడు వేలకు పైగా సీట్లు. అప్పటి ఊరి జనం అందరూ వచ్చినా ఖాళీలు మిగిలేవి. అంటే చుట్టుపక్కల జిల్లాల వారంతా వస్తారన్న నమ్మకంతోనే కట్టారన్నమాట. హాకీతో సంబంధం లేకపోయినా ఇక్కడ చెప్పక తప్పని సంగతి ఒకటుంది: 1962 మార్చి 2న బాస్కెట్‌బాల్ ఆటగాడు విల్ట్ చాంబర్లిన్ ఒకే ఆటలో 100 పాయింట్లు చేసింది ఈ కప్పు కిందే. చూసినవారు 4,124 మంది. హాకీ ఆటలకు అంతకన్నా ఎక్కువ మందే వచ్చేవారని బేర్స్ అభిమానులు కొంచెం గర్వంగానే చెబుతారు.

ఇదంతా విని హర్షీ ఒక స్వర్గమని అనుకోనక్కరలేదు. ఎరీనా తెరిచిన కొద్ది నెలలకే, 1937 ఏప్రిల్‌లో, కర్మాగార కార్మికులు సమ్మె చేసి లోపలే బైఠాయించారు. పాలు కొనేవారు లేక నష్టపోతున్న రైతులు, సమ్మెలో చేరని కార్మికులు కలిసి లోపలికి చొరబడి సమ్మెదారులను కొట్టి తరిమేశారు. అన్నీ యజమానే ఇచ్చే ఊళ్లో, ఇచ్చే చేతిని ప్రశ్నించిన వారికి ఆ గతి పట్టింది. జట్టు చరిత్రను కీర్తించే పుస్తకాలు ఈ ఘట్టాన్ని దాటవేయడం నాకు నచ్చదు, ఎందుకంటే జట్టుకు స్థిరత్వమిచ్చిన పెద్దరికమూ, ఆ దెబ్బలకు కారణమైన పెద్దరికమూ ఒకటే.

1938లో బేర్స్ ప్రస్తుత లీగ్‌లో చేరింది. విజేతకిచ్చే కాల్డర్ కప్‌ను మొదటిసారి 1947లో పిట్స్‌బర్గ్ హార్నెట్స్‌ను ఓడించి గెలిచింది. ఆ పిట్స్‌బర్గ్ జట్టు వల్లే హర్షీకి మరో మేలు కూడా జరిగింది. 1956లో అక్కడి పాత స్టేడియాన్ని కూల్చివేయడంతో హార్నెట్స్ ఆట ఆపేసింది. అందులో ఆడిన ఫ్రాంక్ మాథర్స్ ఆడుతూనే కోచ్‌గా ఉండే ఒప్పందంపై హర్షీకి వచ్చాడు. ఆయన 1958, 1959, 1969లలో కోచ్‌గా, ఆ తర్వాత 1974, 1980, 1988లలో జట్టు నిర్వాహకుడిగా కప్పు అందుకున్నాడు. 1988లో అయితే ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివర కప్పు కోసం జరిగే పోటీల్లో, ఆడిన 12 ఆటలూ గెలిచి, ఒక్కటీ ఓడకుండా కప్పు తెచ్చింది జట్టు. 1991లో పదవీ విరమణ చేసేనాటికి మాథర్స్ ఇక్కడ 35 ఏళ్లు గడిపాడు; మరుసటి ఏడాది ఆయనను హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. ఆటగాళ్లు వస్తూ పోతూ ఉండే చోట ఒకే మనిషి అన్నేళ్లు ఉండడం, జనానికి మారని ముఖం ఒకటి కనిపించడం, ఎంత డబ్బు పెట్టినా కొనలేని వసతి.

ఇక ఊరు చిన్నది కావడం ఎలా కలిసొచ్చిందో చెబుతాను. 1967లో నేషనల్ హాకీ లీగ్ ఒక్కసారిగా ఆరు జట్ల నుంచి పన్నెండుకు పెరిగింది. కొత్త జట్లకు కావలసింది పెద్ద నగరాలు. ఆ నగరాలు కొన్నింటిలో అప్పటికే మైనర్ జట్లున్నాయి. 1961లో తిరిగి ప్రాణం పోసుకున్న పిట్స్‌బర్గ్ హార్నెట్స్ 1967లో కాల్డర్ కప్ గెలిచి, ఆ వెంటనే నేషనల్ హాకీ లీగ్ కొత్త జట్టు పెంగ్విన్స్‌కు చోటిచ్చి కనుమరుగైంది. బఫెలో బైసన్స్ కూడా 1970లో కప్పు గెలిచిన ఏడాదే, అదే పెద్ద లీగ్‌కు చెందిన సేబర్స్ రాకతో మూతపడింది. క్లీవ్‌లాండ్ బేరన్స్‌కు పోటీ మరో కొత్త లీగ్ నుంచి వచ్చింది. 1972-73 సీజన్ మధ్యలోనే ఆ జట్టు ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌కు తరలిపోయింది, అక్కడా నిలవలేదు. గెలుపు ఈ జట్లను కాపాడలేదు. హర్షీని మాత్రం ఏ పెద్ద లీగూ కన్నెత్తి చూడలేదు.

పెద్ద జట్లతో ఒప్పందాలు మారుతూనే వచ్చాయి: బోస్టన్, పిట్స్‌బర్గ్, బఫెలో, వాషింగ్టన్, 1984 నుంచి ఫిలడెల్ఫియా. 1996లో ఫిలడెల్ఫియా తన ఇంట్లోనే సొంత మైనర్ జట్టు పెట్టుకుని విడిపోయింది. మరొక ఊరైతే అక్కడితో కథ ముగిసేది. జట్టు తనది, రింకు తనది అయిన హర్షీ కొలరాడోతో ఒప్పందం చేసుకుని 1997లోనే మళ్లీ కప్పు గెలిచింది.

2002 వేసవిలో ఊరి పునాదే కదిలింది. ట్రస్టు చాక్లెట్ కంపెనీని అమ్మకానికి పెట్టింది. ఊరు వీధికెక్కింది. రాష్ట్ర అటార్నీ జనరల్ ‘ఆర్ఫన్స్ కోర్టు’ అనే న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. చివరికి రిగ్లీ కంపెనీ ఇవ్వజూపిన సుమారు 1,250 కోట్ల డాలర్లను కాదని సెప్టెంబరులో ట్రస్టు వెనక్కి తగ్గింది. ఆ మరుసటి నెలలోనే పాత ఎరీనాకు బదులుగా పది వేలకు పైగా సీట్ల జెయింట్ సెంటర్ తెరుచుకుంది. అమ్మకం జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించను గాని, ఆ శరదృతువులో కొత్త సీట్లలో కూర్చున్నవారిది మామూలు సంబరం కాదు.

2005లో వాషింగ్టన్ క్యాపిటల్స్‌తో బంధం తిరిగి కుదిరింది. 2006, 2009, 2010లలో కప్పులు వచ్చాయి; 2009-10 సీజన్‌లో 60 విజయాలతో లీగ్ రికార్డు నెలకొల్పింది. ఆ కాలంలో ఇక్కడ ఆడిన జాన్ కార్ల్‌సన్, బ్రేడెన్ హోల్ట్‌బీ, జే బీగల్ 2018లో వాషింగ్టన్‌కు తొలి స్టాన్లీ కప్, అంటే నేషనల్ హాకీ లీగ్ విజేతకిచ్చే కప్పు, తెచ్చినవారిలో ఉన్నారు. ఏటా ఒక ఆటలో హర్షీ తొలి గోల్ చేయగానే ప్రేక్షకులు మెత్తటి బొమ్మలను మంచు మీదికి విసురుతారు. వాటిని పోగుచేసి సేవా సంస్థలకు పంచుతారు. 2025 జనవరిలో అలా విసిరినవి 1,02,343. బొమ్మలు ఎత్తే వరకు ఆట ఆగుతుంది, ఎవరూ విసుక్కోరు.

2023లో కాలిఫోర్నియాకు చెందిన కోచెల్లా వ్యాలీ ఫైర్‌బర్డ్స్‌ను కాల్డర్ కప్ తుది పోరు ఏడో ఆటలో, అదనపు సమయంలో మైక్ వెక్కియోనే చేసిన గోల్‌తో ఓడించారు. 2024లో అదే ప్రత్యర్థిని, మళ్లీ అదనపు సమయంలోనే, ఆరో ఆటలో ఓడించారు. దాంతో హర్షీ కప్పులు 13 అయ్యాయి. 9 కప్పులతో తర్వాతి స్థానంలో ఉన్నది ఆ మూతపడ్డ క్లీవ్‌లాండ్ బేరన్స్. ధన్యవాదాలు.