రెండు పడవల మీద కాళ్లు

అందరికీ నమస్కారం.

రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు నట్టేట మునుగుతాడని మన పెద్దలు ఎప్పుడో తేల్చి చెప్పారు. ఆ మాటను బొత్తిగా లెక్కచేయని కొందరి కథ ఈ సాయంత్రం చెబుతాను. వాళ్లు రెండు సన్నటి పడవలను పక్కపక్కన బిగించారు, మధ్యలో గాలి దూరేంత సందు వదిలారు, పైన ఎక్కి అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాదాపు దాటేశారు. గమ్యం ఇంకా కొన్ని గంటలుందనగా మునిగిపోయారు. అయితే పెద్దల మాటే నెగ్గిందా అంటే, అంత సులువుగా ఒప్పుకోను.

నేను సముద్రం మీద బతికినవాణ్ణి కాను. ఉద్యోగ జీవితమంతా బల్ల ముందు కూర్చుని ఓడల బొమ్మలు గీసినవాణ్ణి. అందుకే ఏ పడవ కథ విన్నా నాకు ముందు దాని ఆకారం మీదికే దృష్టి పోతుంది.

ముందు పేరు సంగతి చూద్దాం. ఇలాంటి జంట పడవను ఇంగ్లీషులో కాటమరాన్ అంటారు. ఆ మాట పుట్టింది మన తూర్పు తీరంలోనే. తమిళంలో కట్టుమరం, అంటే కట్టిన మాను. కోరమాండల్ తీరంలో వాటిని చూసిన ఇంగ్లీషు నావికుడు విలియం డాంపియర్ 1697లో అచ్చైన తన యాత్రా గ్రంథంలో ఆ మాట వాడాడు. మనం దాన్నే తెప్ప అంటాం. విశాఖ తీరంలో కర్ర తెప్పలు ఇంకా తిరిగే రోజుల్లో వేట నుంచి వచ్చిన జాలరులు ఏం చేసేవారో నేను చిన్నప్పుడు గంటల తరబడి చూశాను. తాళ్లు విప్పి, దుంగలు విడదీసి, ఒక్కొక్కటి భుజాన మోసుకెళ్లి ఇసుక మీద ఆరబెట్టేవారు. ఆరకపోతే దుంగ నీరు తాగి బరువెక్కుతుంది. మర్నాడు తెల్లవారకముందే మళ్లీ కట్టేవారు. ఒక్కటి గమనించండి. ఆ తెప్పకు లోపల బోలు లేదు. చిల్లు పడడానికి చోటు లేదు. అల మీదికెక్కి దుంగల సందుల్లోంచి జారిపోతుంది. బోల్తా పడవచ్చు, విడిపోవచ్చు, కానీ మునగదు. మరి ఇంగ్లీషువాళ్లు ఆ పేరు తీసుకెళ్లి దేనికి తగిలించారు? పసిఫిక్ దీవులవాళ్లు ఏనాటి నుంచో కడుతున్న జంట పడవ లాంటి దానికి. లోపల బోలుగా ఉండే రెండు పడవలకు మునగని తెప్ప పేరు!

జంట పడవకు పోటీల్లో మొదటి నుంచీ ఒక శాపం ఉంది. గెలుస్తుంది, కానీ బహుమతి దక్కదు. 1876లో నతానియెల్ హెరెషాఫ్ అనే అమెరికా యువకుడు అమరిలిస్ అనే తెరచాప జంట పడవను న్యూయార్క్ పోటీకి తెచ్చాడు. పెద్ద పెద్ద పడవలను వెనక్కి నెట్టేశాడు. ఓడినవాళ్లు ఇది పడవే కాదని గొడవ చేసి దాన్ని అనర్హం చేయించారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, నూట పదేళ్ల తర్వాత మళ్లీ వస్తుంది.

ఇక ఇంజన్ల కాలానికి వద్దాం. మోటారు పడవకు నీరే శత్రువు. ఎంత ఒళ్లు నీటిలో ఉంటే అంత రాపిడి. జంట పడవలో నీటిని తాకేవి రెండు సన్నటి అంచులు మాత్రమే. మధ్య సందులోకి ముందు నుంచి గాలి దూసుకొచ్చి ఇరుక్కుని పడవను పైకెత్తుతుంది. వేగం పెరిగేకొద్దీ పడవ తేలికవుతుంది, తేలికయ్యేకొద్దీ వేగం పెరుగుతుంది. ఇంతవరకు అద్భుతం. కానీ అదే గాలి, అల మీదికెక్కి మొన కాస్త లేచిన క్షణంలో, అవసరానికి మించి ఎత్తితే పడవ వెనక్కి తిరగబడుతుంది. పెద్ద అలలు వస్తే రెండు పడవలను కలిపే పైవంతెన కింద నీరు సమ్మెటలా కొడుతుంది. పరుగునిచ్చే సందూ అదే, ప్రాణం తీసే సందూ అదే.

ఈ రహస్యాన్ని సముద్రపు పోటీలకు బాగా వాడుకున్నవాళ్లు జేమ్స్ బియర్డ్, క్లైవ్ కర్టిస్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్లు. వారి సంస్థ పేరు కూగర్ మెరీన్. 1977లో కెన్ కాసిర్ వారి జంట పడవ ఎల్లోడ్రామా 3తో ఇంగ్లండ్ తీరంలో జరిగే కౌస్ - టార్కీ - కౌస్ మోటారు పడవల పోటీ గెలిచాడు. ఇంగ్లిష్ ఛానల్ అలల మీద జంట పడవ నిలవదన్నవాళ్లు ఆ తర్వాత కొంచెం నెమ్మదించారు. పోటీ పడవలు నడిపే టెడ్ టోల్‌మన్ అనే వ్యాపారి కూడా ఈ కథలోకి వచ్చాడు. కార్ల పందేలు చూసేవాళ్లకు ఈ పేరు తెలిసే ఉంటుంది. 1984లో మొనాకో వానలో కుర్ర ఐర్టన్ సెన్నా రెండో స్థానం తెచ్చింది టోల్‌మన్ జట్టు కారుతోనే.

1985లో టోల్‌మన్, రిచర్డ్ బ్రాన్సన్ చేతులు కలిపారు. అంతకు ముందు ఏడాదే బ్రాన్సన్ అద్దెకు తెచ్చిన ఒకే ఒక్క బోయింగ్ 747తో వర్జిన్ అట్లాంటిక్ అనే విమాన సంస్థ మొదలుపెట్టాడు. ప్రకటనలకు పెద్ద సంస్థలతో పోటీపడే డబ్బు లేదు. పత్రికల మొదటి పేజీకి ఎక్కే దారి కావాలి. దొరికిన దారి బ్లూ రిబాండ్, అంటే అట్లాంటిక్‌ను అందరికంటే వేగంగా దాటిన ఓడకు దక్కే గౌరవం. దాన్ని 1952 నుంచి ఎవరూ కదపలేదు. 990 అడుగుల అమెరికా ప్రయాణికుల ఓడ యునైటెడ్ స్టేట్స్ న్యూయార్క్ ముంగిట ఉన్న ఆంబ్రోస్ దీపం నుంచి ఇంగ్లండ్ కొసన సిల్లీ దీవుల బిషప్ రాక్ దీపస్తంభం వరకు 3 రోజుల 10 గంటల 40 నిమిషాల్లో చేరింది. దాని మీదికి వీళ్లు పంపిన వర్జిన్ అట్లాంటిక్ ఛాలెంజర్ పొడవు 65 అడుగులు. కూగర్ కట్టిన అల్యూమినియం జంట పడవ. ఏనుగు పరుగును కుందేలు కొలవడానికి వెళ్లినట్టు.

పడవలో చే బ్లైత్ కూడా ఉన్నాడు. ఆయన గురించి ఒక్క నిమిషం ఆగుతాను. 1966లో ఇంకొకరితో కలిసి తెడ్లు వేసుకుంటూ అట్లాంటిక్ దాటాడు. 1984 నవంబరులో దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ దగ్గర తెరచాప పడవ బోల్తాపడితే 19 గంటలు దానికి వేలాడి బతికి బయటపడ్డాడు. ఏడాది తిరక్కముందే మళ్లీ సముద్రం మీదికి, అదీ ఇలాంటి దాని మీద. మా అమ్మమ్మ అయితే ఈ మనిషికి గండం ఉందని గుమ్మం దాటనిచ్చేది కాదు.

ఆగస్టులో బయలుదేరారు. అంత చిన్న పడవలో అంత దూరానికి సరిపడా డీజిల్ పట్టదు, నడి సముద్రంలో ఓడల నుంచి నింపుకోవాలి. అలల మీద ఎగిరి పడే ప్రతిసారీ ఒంట్లో ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు. నిద్ర కల్ల. దారిలో ఉండగానే బ్రాన్సన్‌కు కొడుకు పుట్టాడన్న కబురు అందింది. మూడో రోజుకు సముద్రం చెడింది. అయినా రికార్డు చేతికందేలాగే ఉంది. అప్పుడు తేలుతూ వచ్చిన ఏదో వస్తువు తగిలి పడవ ఒళ్లు చీలింది. బోలుగా ఉన్న దానిలోకి నీరు వచ్చిందంటే ఇక చెప్పేదేముంది. వెనక భాగం దిగిపోయింది. మన జాలరులు అణియం అనే ముందు మొన ఆకాశం వైపు నిలబడింది. అందరూ గాలి తెప్పల్లోకి దూకారు. చిత్రం చూడండి, ప్రాణాలు కాపాడింది చివరికి తెప్పే. అరటిపండ్ల రవాణాకు వెళ్తున్న గీస్ట్‌బే అనే సరుకు ఓడ వాళ్లను ఎక్కించుకుంది. ప్రాణనష్టం లేదు. పడవ మాత్రం దక్కలేదు.

మరుసటి ఏడాది రెండో ఛాలెంజర్ వచ్చింది. అది జంట పడవ కాదు, ఒంటి పడవ. ముందుటి అనుభవం వాళ్లను ఎంత భయపెట్టిందో ఈ మార్పే చెబుతుంది. దాన్ని గీసినవాడు రెనాటో లెవీ, అందరూ సన్నీ అనేవారు. కరాచీలో పుట్టాడు. బొంబాయిలో వాళ్ల కుటుంబపు పడవల కర్మాగారంలోనే లోతైన వి ఆకారపు పడవలు గీయడం మొదలుపెట్టాడు. ఈ విషయం మన దగ్గర ఎందుకు ప్రచారం కాలేదో నాకు అంతుపట్టదు. రెండో పడవ ఇంధనంలో నీరు కలిసి ఇబ్బంది పడింది. బ్రిటిష్ వైమానిక దళం విమానం వడపోతలు జారవిడిచింది. 1986 జూన్ 29న 3 రోజుల 8 గంటల 31 నిమిషాలకు గమ్యం చేరింది. పాత రికార్డు కంటే 2 గంటల 9 నిమిషాలు ముందు.

బహుమతి? బ్లూ రిబాండ్ గెలిచిన ఓడకు ఇచ్చే హేల్స్ ట్రోఫీ న్యూయార్క్ దగ్గర కింగ్స్ పాయింట్‌లోని ఒక మ్యూజియంలో ఉండేది. ఇవ్వబోమన్నారు. మీరు ప్రయాణికుల ఓడ కాదు, దారిలో ఇంధనం నింపుకున్నారు అన్నారు. అమరిలిస్ గుర్తొచ్చిందా? న్యాయంగా చెప్పాలంటే మ్యూజియం వాదన కొట్టిపారేయదగినది కాదు. వేల మందిని భోజనాలు పెట్టి మోసిన ఓడకూ, నిద్ర లేకుండా పైపులు పట్టుకున్న గుంపుకూ ఒకే కొలబద్ద పెట్టడం నాకూ సబబుగా తోచదు. బ్రాన్సన్ మాత్రం ఊరుకోలేదు, తన సంస్థ పేరుతోనే వేరే ట్రోఫీ పెట్టాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన మలుపు 1990లో వచ్చింది. ఆ జూన్‌లో హేల్స్ ట్రోఫీ ఎట్టకేలకు కదిలింది. తీసుకున్నది ఎవరు? జంట పడవే! ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో కట్టిన 74 మీటర్ల ఫెర్రీ, హోవర్‌స్పీడ్ గ్రేట్ బ్రిటన్. మధ్యలో ఇంధనం నింపుకోకుండా 3 రోజుల 7 గంటల 54 నిమిషాలు. దాని కిటుకు అంతా ఆకారంలోనే ఉంది. రెండు పక్కల పడవలను కత్తుల్లా సన్నగా చేసి అల మీదికెక్కకుండా అలను చీల్చుకుపోయేలా దిద్దారు. మధ్యలో నీటికి పైన మూడో మొన పెట్టారు. ముందు మరీ దిగబడితే అది ఆపుతుంది. సందు అలాగే ఉంది, దాన్ని మచ్చిక చేశారు.

అదే ఏడాది అక్టోబరు 3న మొనాకో దగ్గర ప్రపంచ పోటీలో మచ్చిక కాని సందు తన పని తాను చేసింది. మొనాకో యువరాణి కరొలిన్ భర్త, అప్పటి ప్రపంచ విజేత స్టెఫానో కసిరాఘి జంట పడవ అల తగిలి తిరగబడింది. ఆయన మరణించాడు, వయసు 30. తోటి చోదకుడు బతికాడు. ఆ తర్వాతే ఈ పోటీల్లో చోదకులను కట్టి కూర్చోబెట్టడం, పైన మూత బిగించడం మీద గట్టిగా పట్టుబట్టారు.

అందరూ వేటాడిన ఆ పెద్ద ఓడ, యునైటెడ్ స్టేట్స్, 1996 నుంచి ఫిలడెల్ఫియా రేవులో రంగు ఊడి నిలబడి ఉండేది. 2025 ఫిబ్రవరిలో దాన్ని టగ్గులు లాక్కుని అలబామా వైపు తీసుకెళ్లాయి. లోపల శుభ్రం చేసి, ఫ్లారిడా తీరం దగ్గర చేపలు గూడు కట్టుకునే దిబ్బగా ముంచడానికి. 1985లో దాన్ని ఓడించబోయిన చిన్న పడవ సిల్లీ దీవులకు ఇవతల నలబై ఏళ్ల ముందే మునిగింది. దాన్ని ఎవరూ శుభ్రం చేయలేదు.

ఇక్కడ ఆపుతాను. తెర మీద రెండు పడవల కొలతల బొమ్మలు ఉంచాను. ముందు వరుసలో ఉన్నవారు ఆ సందు ఎత్తును కాస్త దగ్గరగా చూడండి, ప్రశ్నలు దాని నుంచే మొదలుపెడదాం.