సైకిల్‌ను కారు గుద్దితే తప్పెవరిది, డబ్బెవరిస్తారు? – న్యాయ సలహా ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. కారు, సైకిల్ ఢీకొన్నప్పుడు ఇన్సూరెన్స్ ఎలా వస్తుంది, తప్పు ఎలా తేలుస్తారు అన్నది ఈరోజు అంశం. యాక్సిడెంట్ క్లెయిములు చూసే విజయవాడ లాయర్ గారు స్టూడియోలో ఉన్నారు. రామవరప్పాడు నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండి.

రామవరప్పాడు కాలర్: నమస్తే మేడం, నమస్తే సార్. మా నాన్నగారి గురించండి. సైకిల్ మీద పాలు పోస్తారు. వయసైపోయింది, మానెయ్యి నాన్నా అంటే వినరు. పోయిన నెల తెల్లవారుజామున రెండు క్యాన్లు కట్టుకుని రామవరప్పాడు రింగు కూడలి వైపు వస్తుంటే కారు గుద్దిందండి. కారతను ఆగాడు. మంచివాడే. మంచినీళ్లు తాగించాడు, ఆటో ఎక్కించాడు. క్యాన్లు మాత్రం సొట్టలు పోయాయి, పాలన్నీ...

లాయర్: దెబ్బ ఎక్కడ తగిలింది బాబూ?

కాలర్: మోకాలి కిందండి. అప్పుడు లేచి నిలబడ్డారు. పోలీసులూ కోర్టులూ ఎందుకులే పెద్దాయనా అని కారతను పదివేలు ఇచ్చి, ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. సాయంత్రానికి కాలు వాచింది. ఎక్స్‌రే తీస్తే ఎముక విరిగిందన్నారు. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారండి. ఇప్పుడు ఫోన్ చేస్తే అతను ఎత్తట్లేదు.

లాయర్: ఆ కాగితంలో ఏం రాసుంది?

కాలర్: నాన్నకు కళ్లజోడు లేదండి అప్పుడు. చదవలేదు.

లాయర్: వినేవాళ్లందరికీ చెబుతున్నాను, ఇంకో పదిసార్లైనా చెబుతాను. రోడ్డు మీద ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. దెబ్బ ఎంతుందో ఆ క్షణంలో మీకూ తెలియదు, గుద్దినవాడికీ తెలియదు. సరే, ఆస్పత్రిలో చేర్చినప్పుడు ఎలా దెబ్బ తగిలిందని రాయించారు?

కాలర్: సైకిల్ మీంచి జారిపడ్డారని తమ్ముడు చెప్పాడండి. యాక్సిడెంట్ అంటే పోలీసు కేసవుతుందని...

లాయర్: అదే, అదే కొంప ముంచేది. కారు ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు మొట్టమొదట తెరిచేది ఆ పేజీనే. ‘జారిపడ్డాడని మీరే చెప్పారు, కారు ఎక్కడి నుంచి వచ్చింది?’ అంటాడు. క్యాజువాలిటీలో అడిగినప్పుడు కారు గుద్దిందని, ఫలానా చోట, ఫలానా టైముకని చెప్పి రాయించాలి. ఇప్పుడు ఆ రికార్డు దిద్దమని డాక్టరు మీద ఒత్తిడి తేవద్దు, ఇంకా చెడుతుంది. ఆ పదివేలు చేతికిచ్చాడా, ఫోన్‌పే చేశాడా?

కాలర్: నా నంబరుకే ఫోన్‌పే చేశాడండి.

లాయర్: మంచిది. తేదీ, టైము, అతని పేరు అన్నీ అందులో ఉంటాయి. ముక్కూ మొహం తెలియనివాడు తెల్లవారుజామున మీకు పదివేలు ఎందుకు పంపాడు? దానికి అతను జవాబు చెప్పుకోవాలి. స్క్రీన్‌షాట్ తీసి స్టేట్‌మెంట్ కూడా తీసుకోండి. కారు నంబరు ఉందా?

కాలర్: ఉందండి, ఆటో అతను ఫొటో తీశాడు. సార్, ఇంకోటి. నాన్న రాంగ్ సైడులో వస్తున్నారండి. అడ్డదారి కదా అని. మరి అలాంటప్పుడు వస్తుందా?

లాయర్: వస్తుంది, పూర్తిగా రాకపోవచ్చు. పెద్ద బండి కాబట్టి తప్పంతా కారుదే అని మనవాళ్లు అనుకుంటారు, చట్టంలో అలా లేదు. ఎవరి నిర్లక్ష్యం ఎంతో ట్రిబ్యునల్, అంటే యాక్సిడెంట్ క్లెయిములు విచారించే కోర్టు, చూస్తుంది. కారు స్పీడెంత, లైట్లు వేసుందా, రోడ్డు ఎంత వెడల్పు, సైకిల్ ఏ పక్కన ఉంది, ఇవన్నీ. మొత్తం నష్టం 10 లక్షలని తేల్చి, మీ నాన్నగారి తప్పు 30 శాతం అంటే 7 లక్షలు ఇస్తారు. ఇది మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద. 164 అని ఇంకోటుంది. అందులో తప్పెవరిదని రుజువు చేయక్కర్లేదు. ప్రాణం పోతే 5 లక్షలు, తీవ్ర గాయమైతే రెండున్నర లక్షలు. ఎముక విరిగితే చట్టం ప్రకారం అది తీవ్ర గాయమే. అయితే ఆ డబ్బు తీసుకుంటే 166 కింద వేసిన పిటిషన్ అక్కడితో ఆగిపోతుంది. అందుకని ఆపరేషన్ ఖర్చెంత, ఇక ముందు సైకిల్ తొక్కగలరా, పాల వ్యాపారం పోయిందా, ఇవన్నీ లెక్కేసుకున్నాకే ఏది కావాలో ఎంచుకోవాలి.

కాలర్: మరి పోలీసు కంప్లయింట్ ఇప్పుడు తీసుకుంటారాండి? నెల దాటింది.

లాయర్: ఈరోజే వెళ్లండి. ఆలస్యం ఎందుకైందో దాచకుండా రాయండి. పదివేలు తీసుకున్న సంగతీ రాయండి. జారిపడ్డారని భయంతో చెప్పామని కూడా రాయండి. ఎఫ్ఐఆర్ ఆలస్యమైనంత మాత్రాన నిజమైన క్లెయిమును కొట్టేయకూడదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆటో అతన్నీ, నాన్నగారి దగ్గర పాలు పోయించుకునే వాళ్లలో చూసినవాళ్లనీ సాక్షులుగా పెట్టండి. షాపుల సీసీ కెమెరాలు అడగండి, పాత రికార్డింగులు చెరిగిపోతుంటాయి. క్లెయిమ్ పిటిషన్‌కు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలలు గడువు, చివరి వారం దాకా కూర్చోవద్దు. సైకిల్ ఎక్కడుంది?

కాలర్: రిపేరుకి ఇద్దామనుకుంటున్నామండి.

లాయర్: ఇవ్వొద్దు! వంగిన చక్రం, కారు రంగు అంటుకున్న మడ్‌గార్డ్, అవే చెబుతాయి దెబ్బ ఏ పక్క నుంచి తగిలిందో. ముందు పోలీసులు చూడనివ్వండి.

కాలర్: సరేనండి. కానీ రాంగ్ సైడ్ కదా సార్, కోర్టులో ఆ మాట చెప్పాలా?

లాయర్: చెప్పాను కదా నాయనా. అబద్ధం చెప్పొద్దు. కెమెరాలో ఒకటి కనిపించి, మీరు ఇంకోటి చెబితే మిగతా నిజాలు కూడా ఎవరూ నమ్మరు. నాన్నగారిని బాధపెట్టకండి, ఆయన్నేమీ అనకండి. ఇంకోమాట. కేసు మేం చూసుకుంటాం, వచ్చినదాంట్లో ఇంత వాటా అని ఆస్పత్రి దగ్గరే తగులుకునేవాళ్లుంటారు. అలా వాటా మీద ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం. డబ్బు ఇబ్బందైతే 15100కి ఫోన్ చేయండి, న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు దారి చూపిస్తారు.

యాంకర్: థ్యాంక్యూ అండి. తర్వాత గుంటూరు, బ్రాడీపేట.

బ్రాడీపేట కాలర్: సార్, నేను కారు నడిపేవాణ్ని. సందులోంచి ఒక కుర్రాడు సైకిల్ మీద చూసుకోకుండా దూసుకొచ్చి నా కారు డోరుకు కొట్టాడు. తప్పు వాడిది. నా బండి ఖర్చు ఎవరిస్తారు?

లాయర్: అబ్బాయికి ఎలా ఉంది?

కాలర్: మోచెయ్యి గీసుకుపోయింది, అంతే.

లాయర్: ఆస్పత్రికి తీసుకెళ్లారా? తప్పెవరిదైనా దెబ్బ తగిలినవాళ్లకు వైద్యం అందేలా చూడటం, పోలీసులకు చెప్పడం డ్రైవరు బాధ్యత, సెక్షన్ 134. మీ పాలసీ థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమేనా, మీ బండికీ కలిపి ఫుల్లా?

కాలర్: ఫుల్లేనండి, కాంప్రహెన్సివ్.

లాయర్: అయితే ఓన్ డ్యామేజ్, అంటే సొంత బండి నష్టం కింద మీ కంపెనీ నుంచే తీసుకోవచ్చు. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, పోతుంది, అది పోను మిగిలేదెంతో చూసుకోండి. నష్టం అంచనా వేసే సర్వేయర్ రాకముందు బండి బాగుచేయించొద్దు. ఆ అబ్బాయి తల్లిదండ్రులకు ఇంతిస్తాను అంతిస్తాను అని మాటివ్వొద్దు. కంపెనీకి చెప్పకుండా ఒప్పుకోలు, రాజీ చేసుకోకూడదని మీ పాలసీలోనే ఉంటుంది.

కాలర్: వాళ్లు రేపు కేసు పెడితే...

లాయర్: నోటీసు అందగానే కంపెనీకి పంపండి. వాళ్ల తరఫు లాయరు వస్తాడు.

యాంకర్: మంగళగిరి నుంచి ఒకరున్నారు.

మంగళగిరి కాలర్: సార్, మా చెల్లి కాలేజీకి సైకిల్ మీద వెళ్తుంటే కారు గుద్ది ఆపకుండా పోయింది. నంబరు ఎవరూ చూడలేదు. చెయ్యి విరిగింది.

లాయర్: అయ్యో తల్లీ. ఇప్పుడెలా ఉంది?

కాలర్: కట్టు కట్టారు సార్. పరీక్షలు దగ్గర పడుతున్నాయని ఏడుస్తోంది.

లాయర్: ధైర్యం చెప్పమ్మా. ఎఫ్ఐఆర్ అయిందా?

కాలర్: అయింది సార్, మర్నాడే ఇచ్చాం. ఆస్పత్రిలో కూడా కారు గుద్దిందనే రాయించాం.

లాయర్: చాలా మంచి పని చేశారు. బండి దొరక్కపోతే హిట్ అండ్ రన్ పథకం ఉంది. తీవ్ర గాయానికి 50,000, ప్రాణం పోతే 2 లక్షలు. ఆర్డీవో ఆఫీసులో గానీ తహసీల్దారు దగ్గర గానీ దరఖాస్తు ఎలా ఇవ్వాలో కనుక్కోండి. ఎఫ్ఐఆర్ కాపీ, గాయం సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు పెట్టుకోండి. తర్వాత బండి దొరికితే ఇన్సూరెన్స్ మీద క్లెయిమ్ వేసుకోవచ్చు, ఈ డబ్బు అందులో సర్దుబాటు చేస్తారు. అందుకని స్టేషన్‌కు వెళ్లి అడుగుతూనే ఉండండి. అందరికీ ఇంకొకటి చెబుతాను. 2025 మేలో కేంద్రం నగదు రహిత చికిత్స పథకం నోటిఫై చేసింది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా, పథకంలో ఉన్న ఆస్పత్రుల్లో. దెబ్బ తగిలితే డబ్బుల కోసం వెతుక్కోకుండా ముందు 112కి ఫోన్ చేయండి.

యాంకర్: టైము తక్కువుంది. పటమట కాలర్, క్లుప్తంగా అడగండి.

పటమట కాలర్: సార్, మా వీధిలో ఆగున్న కారతను వెనక చూడకుండా డోరు తీశాడు. సైకిల్ మీద నేను దానికి తగిలి పడ్డాను. ఇన్సూరెన్స్ అయిపోయిందంటున్నాడు.

లాయర్: ఆగున్న బండైనా డోరు తీసినవాడిదే నిర్లక్ష్యం. అతని నోటిమాట నమ్మొద్దు, ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి పాలసీ ఉందో లేదో చూడండి. నిజంగానే లేకపోతే ఓనరే సొంతంగా కట్టాలి, మొదటిసారి దొరికినందుకు 2,000 జరిమానా వేరే. సైకిల్ రిపేరు బిల్లు, మందుల బిల్లులు దాచారా?

పటమట కాలర్: మందుల బిల్లులు కొన్ని పారేశానండి.

లాయర్: మెడికల్ షాపువాణ్ని అడిగి మళ్లీ ప్రింటు తీయించుకోండి, కంప్యూటర్లో ఉంటాయి. ఇంకా అతను ఏదైనా కాగితం...

పటమట కాలర్: రాసిమ్మంటున్నాడండి, ఏ క్లెయిమూ లేదని.

లాయర్: రాసివ్వొద్దు. ముందు స్టేషన్‌కు వెళ్లండి.

యాంకర్: ధన్యవాదాలండి. లైన్లో ఇంకా చాలామంది ఉన్నారు, వచ్చే వారం ఇదే అంశం కొనసాగిస్తాం. లాయర్ గారికి నమస్కారం.