అంచెలంచెల వైర్‌లెస్: కొరత స్పెక్ట్రందా, ఛానెళ్ల పంపకానిదా?

సమన్వయకర్త: 6 గిగాహెర్ట్జ్‌ బ్యాండు, అంటే ఆ రేడియో తరంగాల పట్టీ, దిగువ భాగంలో 500 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు లేకుండా వైఫైకి వదిలేందుకు కేంద్రం 2025 మేలో ముసాయిదా నియమాలు ప్రకటించగా, టెలికాం సంస్థలు అభ్యంతరం చెప్పాయి. ఒక రౌటరు నుంచి మరో రౌటరుకు, ఊరి నుంచి ఊరికి అంచెలుగా సాగే నెట్‌వర్కులు నెమ్మదించడానికి స్పెక్ట్రం, అంటే వాడుకునే రేడియో తరంగాల, కొరతే కారణమా?

ఇంజినీరు: అసలు కారణం అది కాదు. ఒకే రేడియో, అంటే సంకేతాలు పంపి అందుకునే భాగం, ఉన్న రౌటరు పంపేటప్పుడు వినలేదు. మూడంచెల దారిలో అన్నీ ఒకే ఛానెల్‌ మీద, అంటే బ్యాండులోని ఒకే ముక్క మీద, ఉంటే, ఒక అంచె పంపుతున్నంతసేపు మిగతావి ఆగాల్సిందే కనుక, చివరికి చేరే వేగం సుమారు మూడో వంతుకు పడిపోతుంది. రెండో రేడియో తప్పనిసరి.

ఆచార్యులు: పెట్టగానే సరిపోదండీ, ఏ రేడియోకు ఏ ఛానెల్ ఇవ్వాలన్నది...

ఇంజినీరు: నన్ను పూర్తి చేయనివ్వండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడని ఛానెళ్లుగా వాడుకలో ఉన్నవి 1, 6, 11 మాత్రమే. ఒకే పెట్టెలోని రెండు రేడియోలనూ ఆ బ్యాండులోనే నడిపితే, ఛానెళ్లు వేరైనా ఒకదాని హోరులో రెండోదానికి ఏమీ వినపడదు. అందుకే ఇళ్లకు 2.4, ఊళ్ల మధ్య లింకుకు 5 వాడాలి.

సమన్వయకర్త: అంటే మరింత స్పెక్ట్రం ఇస్తే సమస్య తీరినట్లే కదా?

ఆచార్యులు: తీరదు. లింకుకు రెండు చివర్లా ఒకే ఛానెల్ ఉండాలి కనుక ఒక రౌటరు ఛానెల్ మారిస్తే పొరుగుదీ మార్చాలి, ఆపై దాని పొరుగుదీ మార్చాలి. 2005 నాటి హైయసింత్ పరిశోధన ఈ గొలుసును తెంచడానికే ప్రతి నోడులో, అంటే నెట్‌వర్కులోని ప్రతి రౌటరులో, ఇంటర్నెట్‌ వైపున్న పైవైపు రేడియోలను, అవతలి ఊళ్ల వైపున్న కిందివైపు రేడియోలను విడదీసి, కిందివైపు ఛానెళ్లను మాత్రమే ఆ నోడు నిర్ణయానికి వదిలింది.

ఇంజినీరు: స్తంభం ఎక్కేవాడికి అంత గణితం అక్కర్లేదు. రెండు బ్యాండులు విడదీస్తే చాలని మళ్లీ చెబుతున్నాను.

గ్రామీణ సేవల ప్రతినిధి: పశ్చిమ గోదావరిలో బైర్రాజు ఫౌండేషన్ అశ్విని నెట్‌వర్కు పల్లెలను దూరపు వైఫై లింకులతోనే కలిపింది. అలాంటి లింకుల కోసమే 2005లో భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు 2పి అనే, ఎవరు ఎప్పుడు పంపాలో నిర్ణయించే పద్ధతి రూపొందించారు. అందులో ఒక నోడులోని లింకులన్నీ ఒకే ఛానెల్‌ మీద ఒకేసారి పంపుతాయి, ఒకేసారి వింటాయి. కాబట్టి ఒక్క ఛానెల్‌తోనూ...

ఇంజినీరు: దానికి గురిపెట్టిన యాంటెన్నాలు, కచ్చితమైన సమయపాలన కావాలి. యాంటెన్నాను గాలి కాస్త తిప్పితే ఎవరు సరిచేస్తారు?

ప్రతినిధి: రెండో రేడియోకైనా కరెంటు, మరమ్మతు ఖర్చు పంచాయతీయే కదా భరించాలి...

సమన్వయకర్త: సమయం మించిపోయింది. ఇంజినీరుగారూ, 6 గిగాహెర్ట్జ్‌ వాడితే మార్పు ఉంటుందా, ఒక్క మాటలో చెప్పండి.

ఇంజినీరు: ఉంటుంది, కానీ రెండో రేడియో ఉంటేనే.

ఆచార్యులు: ఛానెళ్ల పంపకం ఎవరు చేస్తారో మీరింకా చెప్పలేదు.