గంగమ్మ జాతర నేర్పిన ఫొటో

సభకు నమస్కారం. బైరాగిపట్టెడలో పెరిగి, ఇప్పుడు న్యూజెర్సీలో పెళ్లి ఫొటోల స్టూడియో నడుపుతున్న నన్ను మన తిరుపతి విద్యార్థుల ముందు మాట్లాడమని పిలిచినందుకు నిర్వాహకులకు కృతజ్ఞురాలిని.

నాకు పదేళ్లప్పుడు మా మేనమామ గంగమ్మ జాతరకు తన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాను నా చేతికిచ్చారు. రీలుకు పన్నెండే ఫొటోలు. ఒళ్లంతా తెల్లటి నామకొమ్ము పూసుకున్న బైరాగి వేషాల భక్తులను నడినెత్తిన ఎండలో తీస్తే, ప్రింట్లలో కళ్లూ ముక్కూ లేని తెల్లటి ముద్దలు మిగిలాయి. మరుసటి ఏడాది పొద్దున్నే వెళ్లి, వాళ్లు గోడనీడలోకి వచ్చేదాకా ఆగాను. జాతరలో రోజుకో వేషం, బైరాగి తరువాత బండ, ఆ తరువాత తోటి వేషమని అమ్మమ్మ చెప్పి ఉండటంతో, ఏ రోజు ఎక్కడ నిలబడాలో నాకు ముందే తెలుసు.

2006లో పెళ్లయి, భర్త ఉద్యోగ వీసాకు అనుబంధంగా ఇచ్చే హెచ్-4 వీసాపై అమెరికా వెళ్లాను. అప్పట్లో ఆ వీసాపై భర్తతో కలిసి ఉండవచ్చు గానీ, పనిచేసి ఒక్క డాలరు కూడా సంపాదించకూడదు. తొమ్మిదేళ్లపాటు సీమంతాలకూ గృహప్రవేశాలకూ ఉచితంగానే ఫొటోలు తీశాను. చేతిలో పని ఉండి కూడా దానికి వెల కట్టుకోలేకపోవడం ఎంత నలిగిపోయే బాధో, అనుభవించిన ఆడవాళ్లకు తెలుసు.

ఆ రోజుల్లోనే ఒక పెళ్లికి అతిథిగా వెళ్లాను. అక్కడికి వచ్చిన ఫొటోగ్రాఫరు పనితనం ఉన్నవాడే. అయితే తాళి కట్టడమే ముహూర్తమనుకుని, అడ్డుతెర మీదుగా జీలకర్ర బెల్లం పెట్టుకుంటున్న క్షణంలో లెన్సు మార్చుకుంటూ ఉండిపోయాడు. పెళ్లికూతురి వేళ్ల సందుల్లోంచి బెల్లం జారి వరుడి చెవి మీద పడటం నా కెమెరాకు మాత్రమే దొరికింది.

భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే హెచ్-4 వారికీ పని అనుమతి ఇచ్చే నిబంధన 2015 మే 26న అమల్లోకి వచ్చింది. అనుమతి పత్రం అందిన వారంలోనే వ్యాపారాన్ని నమోదు చేసుకున్నాను. తొలి బేరం ఆ పెళ్లికూతురి చెల్లెలిదే.

మీరట్ ప్రాంతం నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడి, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరైన రాజా దీన్‌దయాళ్, పరదా పాటించే స్త్రీల కోసం జనానా స్టూడియో నడిపారు. ఎవరి ఇంటి ఆచారం వారికి ఎంత ముఖ్యమో ఆయన గ్రహించారని నేను నమ్ముతాను. న్యూజెర్సీలో నా దగ్గరికి వచ్చే తల్లులు కూడా ధర కంటే ముందు, కన్యాదానం వేళ ఎక్కడ నిలబడతావమ్మా అని అడుగుతారు.

ఇప్పుడు ఆ మొదటి జాతర ఫొటోలను తెర మీద చూపిస్తాను. ముందుగా, పాడైపోయినవి.